గుంజ కింద నాణేలు

పోయిన వారం మిమ్మల్ని నాలుగు గోతుల దగ్గర వదిలేశాను. తిబాగన్ కాలేజీకి యాభై ఏళ్ళు నిండాయని, దాన్ని స్థాపించిన దోన్ ఎవారిస్తో తన చేతులతో కట్టాడని మేమంతా చెప్పుకునే చెక్క ఇంటి గుంజల కింద తవ్వించారు. ఇల్లు కట్టేటప్పుడు గుంజ పాతే గోతిలో నాణేలు వెయ్యడం మా ఆంతీకే సీమలో కటిక పేదవాడు కూడా మరిచిపోడు. ఆ నాణేలు తీసి, కట్టబోయే మూడంతస్తుల భవనం మొదటి స్తంభం కింద వెయ్యాలని ఆయన కూతురు, ఇప్పటి కాలేజీ ప్రెసిడెంటు లియోనీసా ముచ్చట పడింది. బిషప్ గారు పవిత్ర జలం పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నాలుగు మూలలా తవ్వితే నాలుగు చోట్లా మట్టే వచ్చింది. అప్పుడు వెనక బెంచీ మీంచి ముసలి కార్యో పకపకా నవ్వాడు. "ఇక్కడెందుకుంటాయయ్యా నాణేలు? ఈ ఇంటిని బసీలియో స్థలంలోంచి మా భుజాల మీద మోసుకొచ్చాం. ఇల్లు మోశాం గానీ గోతులు మొయ్యలేదుగా!" అన్నాడు.

బసీలియో మా నాన్న.

నేను రెమీహియా ఒపెరియానోని. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా చెప్పే ఆ కాలేజీలో ఇరవై ఏడేళ్ళుగా చరిత్ర చెబుతున్నాను. స్వర్ణోత్సవాలకి కాలేజీ చరిత్ర రాసింది కూడా నేనే. ఆ పుస్తకం ప్రూఫులు ఆ క్షణాన నా చంకలో ఉన్నాయి. మొదటి పేజీలో మొదటి వాక్యం, "1947లో దోన్ ఎవారిస్తో మొంతేరియాల్ తన సొంత చేతులతో నిర్మించిన చిన్న చెక్క ఇంట్లో" అని మొదలవుతుంది. ఆ వాక్యాన్ని నాలుగుసార్లు తిరగరాశాను, ఇంకా అందంగా రావాలని.

ఇక మా ఇంటి చరిత్ర అంటారా, అది నాకు ఆరేళ్ళప్పుడే కంఠతా వచ్చు. మా నాన్న ఉన్న ఒక్క ఇంటినీ కోడిపందెంలో ఓడిపోయాడు. అందుకే మేము బియ్యం మిల్లు వెనక రేకుల పంచలో పెరిగాం. దోన్ ఎవారిస్తో దయ తలిచి నాకు ఫీజు లేకుండా చదువు చెప్పించాడు. ఇంతే. ఇందులో తప్పు దొరుకుతుందని నేనెన్నడూ వెతకలేదు.

బిషప్ గారు మంచివాడు, ఖాళీ గోతుల్లోనే నీళ్ళు చల్లేశారు. బ్యాండు వాళ్ళు కంగారులో పుట్టినరోజు పాట అందుకున్నారు. లియోనీసా మైకు లాక్కుని, "పాన్సిత్ చల్లారిపోతోంది, అందరూ భోజనాలకి రండి!" అంది. మా ఊళ్ళో ఎంత పెద్ద గొడవనైనా ఆపగలిగేది ఆ నూడుల్స్ పళ్ళెమే. రెండు నిమిషాల్లో గోతుల దగ్గర నేనూ, కార్యో మిగిలాం.

"మానోంగ్ కార్యో," అన్నాను, పెద్దన్నని పిలిచినట్టు. "ఇందాక అన్నది నిజమా? తాగి మాట్లాడావా?"

"పొద్దున్న పదకొండింటికే తాగుతానా? బిషప్ ముందు?" అని ముసలాయన చొక్కా మెడ పక్కకి లాగి చూపించాడు. ఎడమ భుజం మీద అరచేతి వెడల్పున చర్మం నల్లగా కాయ కట్టి ఉంది. "వెదురు బొంగు ఒరుసుకుపోయిందిక్కడ. నలభై మందిమి. నేల కింద అడ్డంగా నిలువుగా బొంగులు కట్టి, ఒక్కసారి ఊపిరి బిగబట్టి లేపాం. ఏరు ఎండిపోయి ఉంది కాబట్టి ఇసకలో నడిచొచ్చాం. కిటికీలో పూలకుండీ కూడా దించలేదమ్మాయ్. అట్లాగే ఊగుకుంటా వచ్చింది."

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

కార్యో మొహంలో నవ్వు కాస్తా పోయింది. టోపీ తీసి చేతిలో నలిపాడు. "మొదట్లో కాలేజీ వాళ్ళు చెప్పొద్దన్నారు. ఇన్‌స్పెక్టర్లు వస్తారు, నోరు మూసుకోండన్నారు. మూసుకున్నాం. తర్వాత తర్వాత నీకు తెలీదన్న సంగతే మర్చిపోయాం."

నన్నడిగితే, ఆ రోజు విన్నవాటన్నిటిలో ఎక్కువ మండింది ఈ మాటకే. పగబట్టి దాచారంటే నాకూ ఒక మర్యాద ఉండేది. వీళ్ళు మర్చిపోయారట!

లియోనీసా ఆఫీసుకి వెళ్ళేటప్పటికి తను చెప్పులు విప్పేసి, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని విసనకర్రతో విసురుకుంటోంది. మేమిద్దరం ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. నా కొడుకు జ్ఞానస్నానానికి తను జ్ఞానతల్లి, తన కూతురికి నేను. అప్పట్నుంచి ఒకరినొకరం "మారే" అనే పిలుచుకుంటాం, అంటే పిల్లలతో కలిసిన చుట్టరికం. మా ఊళ్ళో ఆ పిలుపుకి రక్తసంబంధం కంటే బరువెక్కువ. ఆ పిలుపు ఉన్నచోట కాగితం మీద సంతకం అడగడం కూడా తప్పుగా చూస్తారు.

"కూర్చో, మారే. ఆ ముసలాడికి ఎండ తగిలిందిగానీ..."

"భుజం చూపించాడు."

విసనకర్ర ఆగింది. మళ్ళీ కదిలింది. "సరే. అయితే కూర్చో."

నేను కూర్చోలేదు. "నీకు తెలుసా, తెలీదా? ఒక్క మాట చెప్పు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పందొమ్మిదేళ్ళప్పుడు నాన్న చెప్పాడు. కాలేజీ నా చేతికొస్తుందని తేలాక, తెలుసుకోవాల్సినవి అన్నీ కూర్చోబెట్టి చెప్పాడు. అందులో ఇదొకటి." తను నా కళ్ళలోకి చూడకుండా బల్ల మీద గాజు పేపరువెయిట్‌ని అటూ ఇటూ జరిపింది. "యుద్ధం అయ్యాక ఊళ్ళో బడి అన్నదే లేదు, నీకు తెలుసుగా, నువ్వే రాశావు. అనుమతి కావాలంటే కాలేజీకి సొంత కట్టడం ఉండాలన్నారు. జూన్‌లో మనీలా నుంచి మనిషొస్తాడు. మార్చి అయిపోవస్తోంది. నాన్న దగ్గర స్థలం ఉంది, కర్ర లేదు. ఊరంతా కాలిపోయింది కదా. నిలబడి ఉన్న మంచి ఇల్లు ఒక్కటే, మీదే. ఒక్క ఏడాదికని అడిగి తెచ్చుకున్నాడు."

"ఒక్క ఏడాదికి."

"అవును."

"ఏడాది అయ్యాక?"

"ఏడాది అయ్యాక అనుమతి వచ్చింది, మారే. కాగితాల మీద ఆ ఇల్లు కాలేజీ కట్టించిందని పడింది. తిరిగిస్తే అనుమతి పోతుంది. నూట పన్నెండు మంది పిల్లలున్నారప్పటికి. ఏం చెయ్యమంటావు?"

నేను చరిత్ర టీచర్ని. రాజులు ఎందుకు మాట తప్పారో, దొరలు సంధులెందుకు చించేశారో, ఒక్కొక్కదానికి అయిదు కారణాలు రాయించి మార్కులు వేస్తాను. అన్నీ ఇలాగే ఉంటాయి. వినడానికి ఎంత సబబుగా ఉంటాయో! కానీ ఆ అయిదు కారణాల కింద పడి నలిగిన మనిషి మా నాన్న. ఆయన్ని నేను చివరి రోజుల్లో కూడా వదల్లేదు. ఆస్పత్రి మంచం పక్కన పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, "నువ్వు ఇల్లు నిలబెట్టి ఉంటే అమ్మకి ఈ గతి పట్టేదా?" అని దెప్పాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. సిగ్గుతో తిరిగాడనుకున్నాను.

"మా నాన్న కోడిపందేలు ఆడాడా, లియోనీసా?"

పేరు పెట్టి పిలిచేసరికి తను ఉలిక్కిపడింది. ఇరవై రెండేళ్ళ తర్వాత పిలిచాను మరి.

"లేదనుకుంటా."

"అనుకుంటావా?"

"లేదు. ఎప్పుడూ ఆడలేదు. పందెం బరి వైపు వెళ్ళినట్టు కూడా ఎవరూ చెప్పలేదు."

అప్పుడు నాకు 1963 గుర్తొచ్చింది. గుర్తు రావడం కాదు, ఒంటి మీదకొచ్చి పడింది. పదిహేనేళ్ళ పిల్లని. ఊరి పండగ రోజు చర్చి ముందు మైదానంలో వక్తృత్వ పోటీ. "మన పల్లెల్ని తింటున్న దురలవాట్లు" అని విషయం ఇచ్చింది దోన్ ఎవారిస్తోనే. నేను ఏదో పిల్లరాతలో రాసుకెళితే, ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పక్కన కూర్చోబెట్టుకుని, వరసన దిద్దాడు. ఒక వాక్యం మాత్రం పూర్తిగా ఆయనే రాసిచ్చాడు. "ఒక కోడి కాలికి కట్టిన కత్తి మా ఇంటి ఎనిమిది గుంజల్నీ నరికేసింది!" ఆ వాక్యం దగ్గర చెయ్యి పైకెత్తమని కూడా నేర్పాడు.

ఎత్తాను. ఊరంతా చప్పట్లు కొట్టింది. మొదటి బహుమతి నాదే. మా దగ్గర పతకం గుచ్చేది కన్నవాళ్ళు. నాన్న మిల్లులో పని మధ్యలోంచి, జుట్టు నిండా తవుడుతో వేదిక ఎక్కాడు. ఆయన చేతిలో పిన్ను రెండుసార్లు జారింది. తాగి ఉన్నాడేమోనని నాకు అనుమానం వచ్చింది. కిందున్న జనంలో ఆ ఇల్లు మోసిన నలభై మందీ ఉన్నారు. నలభై భుజాల మీద ఆ మచ్చ ఉంది. ఒక్కడు లేచి, "ఏయ్ పిల్లా, నోర్ముయ్యి" అనలేదు.

"ఆ వాక్యం మీ నాన్న రాశాడు," అన్నాను. "నిజం తెలిసి రాశాడు. నా చేత, మా నాన్న ముందు, చెప్పించాడు. నువ్వు మొదటి వరసలో కూర్చుని ఉన్నావు."

"అప్పటికి నాకు తెలీదు! నాకూ పదిహేనేళ్ళే!"

"తెలిశాక?"

లియోనీసా విసనకర్ర బల్ల మీద పెట్టేసింది. తర్వాత, పెళ్ళి బేరంలో చివరి మాట చెప్పేవాళ్ళలా ముందుకి వంగింది. "చూడు. జరిగిందేదో జరిగింది. గేటు దగ్గర కొత్త వెయిటింగ్ షెడ్డు కడుతున్నాం. దాని మీద మీ నాన్న పేరు రాయిస్తా. పెద్ద అక్షరాలు. రోజూ వందల మంది చూస్తారు."

"జీపు కోసం నిలబడి, ఉమ్మేసి పోయే చోటు."

"అయితే గ్రంథాలయం. ఒక గది."

"పుస్తకం మొదటి పేజీ మార్చు."

"అది కుదరదు."

"రాసింది నేను."

"అచ్చేసేది కాలేజీ!" ఈసారి తనూ గొంతు పెంచింది. "నువ్వు ఆలోచించకుండా మాట్లాడతావు, ఎప్పుడూ అంతే. సొంత ఇల్లు కానిదాన్ని సొంతమని చూపించి అనుమతి తెచ్చుకున్నారని మనమే అచ్చేసుకుంటే, రేపు ఆ కాలంలో ఇచ్చిన డిగ్రీ పట్టాల సంగతేంటి? నర్సులున్నారు, టీచర్లున్నారు, గవర్నరు దగ్గర పనిచేసేవాళ్ళున్నారు. నీ పట్టా? ఇరవై ఏడేళ్ళ నీ ఉద్యోగం? అన్నీ ఆ ఇంటి మీదే నిలబడ్డాయి, మారే. నీకు తెలీకుండా నువ్వు కూడా ఆ ఇంట్లోనే కాపురం చేశావు."

బెదిరింపులో కూడా లెక్కగా, శుభ్రంగా మాట్లాడుతుంది. వాళ్ళ నాన్న పెంపకం. నేను ప్రూఫులు బల్ల మీద పరిచి, తన ఎదురుగానే ఎర్ర పెన్సిలుతో మొదటి వాక్యం కొట్టేశాను. పక్కన రాశాను. "1947లో బసీలియో ఒపెరియానో, ఊళ్ళో పిల్లలకి చదువు రావాలని, తన కొత్త ఇంటిని ఒక్క ఏడాదికి అరువిచ్చాడు. ఆ ఇల్లు నేటి వరకు తిరిగి ఇవ్వలేదు." చదివి వినిపించాను కూడా. ఇరవై ఏడేళ్ళలో నేను రాసిన మొదటి నిజమైన వాక్యం అదేననిపించింది.

"ఇది రేపు పొద్దున్న ఇలోయిలో ప్రెస్సుకి వెళుతుంది. ఆపాలంటే నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యి. ఈ మధ్యాహ్నమే తీసెయ్యి, బిషప్ గారు ఇంకా భోంచేస్తూనే ఉన్నారు."

తలుపు దాకా వెళ్ళాను. వెనక నుంచి లియోనీసా మెల్లగా అంది. "ఇల్లు విషయంలో తప్పు మాదే, ఒప్పుకుంటా. కానీ కోడిపందెం కథ పుట్టించింది మేం కాదు. మా నాన్న దాన్ని వాడుకున్నాడంతే. నీకు ఆరేళ్ళప్పుడు అది ముందుగా ఎవరు చెప్పారో గుర్తు తెచ్చుకో, మారే."

గుర్తు తెచ్చుకోవడానికి ఏముంది? గేటు దాటకముందే గుర్తొచ్చింది. రేకుల పంచ, వాన చప్పుడు, నా తల దువ్వుతున్న చెయ్యి. కార్యో కొడుకు బళ్ళో నాతో, "మీ ఇంట్లోనే మన క్లాసు జరుగుతోంది" అన్నాడని నేను వచ్చి చెప్పిన సాయంత్రం అది. దువ్వెన ఆగింది. "అబద్ధం. మనిల్లు మీ నాన్న కోడిపందెంలో పోగొట్టాడు. బయట ఎవరితోనూ అనకు" అని చెప్పింది అమ్మ.

ఇంటికెళ్ళేసరికి అమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని, కొబ్బరాకుల్లో బంకబియ్యం కూరి ఇబోస్ చుడుతోంది. రేపటి కాలేజీ విందుకి. యాభై ఏళ్ళుగా ప్రతి వార్షికోత్సవానికీ ఆమె వంద పొట్లాలు పంపుతుంది. అది భక్తి అనుకునేదాన్ని. అమ్మకి డెబ్భై ఒకటి, చేతులు మాత్రం ఇంకా చకచకా తిరుగుతాయి.

"గోతుల్లో ఏమీ దొరకలేదటగా," అంది తల ఎత్తకుండా. మా ఊళ్ళో వార్త జీపు కంటే ముందొస్తుంది.

"కార్యో అంతా చెప్పాడు. లియోనీసా ఒప్పుకుంది."

"ఊఁ."

"ఊఁ ఏంటమ్మా! నాన్న మీద అంత నింద వెయ్యడానికి నీకు నోరెలా వచ్చింది? ఆయన కోడి ముట్టుకోలేదు. నేను ఆయన్ని ఎన్ని మాటలన్నాను! ఆయన వింటూ కూర్చున్నాడు, నువ్వు పక్కనే కూర్చుని అన్నం వడ్డించావు!"

"నీకు ఆరేళ్ళు. ఆ వారం ఇన్‌స్పెక్టరు మళ్ళీ వస్తున్నాడు. నువ్వు వాగుడుకాయవి. బయట అనేస్తే కాలేజీ మూసేస్తారు, నువ్వు మిల్లులో తవుడు ఊడుస్తావు. ఏదో ఒకటి చెప్పాలిగా? నోటికి అదొచ్చింది." ఆకు చివర మడిచి దోపింది. "మర్నాడు ఆయనకి చెప్పాను, ఇలా అన్నానని. సరేలే అన్నాడు."

సరేలే అన్నాడు! ఒక మనిషి పరువు అంతటితో అయిపోయింది. కొబ్బరాకు మడిచినంత సేపు పట్టలేదు. నాకు కోపంతో కళ్ళు బైర్లు కమ్మాయి. అమ్మ మీద అంత కోపం రావచ్చని నాకు తెలీదు.

"సరే, ఇప్పుడు విను. నేను దిద్దాను." ప్రూఫు తీసి గట్టిగా చదివాను. "బసీలియో ఒపెరియానో, ఊళ్ళో పిల్లలకి చదువు రావాలని, తన కొత్త ఇంటిని ఒక్క ఏడాదికి అరువిచ్చాడు." కాగితం ఆమె ముందుకి చాపాను. "రేపు ఇది అచ్చుకి వెళుతుంది. నా ఉద్యోగం పోయినా సరే. ఇక ఆయన్ని ఎవరూ జూదగాడు అనరు."

అమ్మ చేతులు మొదటిసారి ఆగాయి.

"అదీ అబద్ధమే, ఇందాయ్," అంది, చిన్నపిల్లని పిలిచినట్టు.

"ఏది?"

"మీ నాన్న ఇవ్వలేదు. ఆయన ఊళ్ళోనే లేడు. అక్టోబరులోనే నెగ్రోస్ దీవికి వెళ్ళాడు, చెరకు కొట్టడానికి. ఆంతీకే మొగాళ్ళు సగం మంది ఆ కాలంలో అక్కడేగా. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను, పెళ్ళై ఎనిమిది నెలలు. దోన్ ఎవారిస్తో నన్నడిగాడు. ఇచ్చింది నేను."

వంటింట్లో కుండ కుతకుతలాడుతోంది. నేను నిలబడే ఉన్నాను, కాగితం చేతిలో పట్టుకుని.

"నాన్నకి తెలీకుండానా? కబురైనా పంపకుండానా?"

"ఎవరు పంపుతారు? ఎవరికి రాయడం వచ్చు?" అమ్మ గుడ్డతో చేతులు తుడుచుకుంది. "చెరకు కొట్టుడు అయ్యాక మే నెలలో వచ్చాడు. పడవ దిగి తిన్నగా ఇంటికే వచ్చాడు, నాకోసం ఒక అద్దం కొనుక్కుని. స్థలంలో ఎనిమిది గోతులున్నాయి. వాన పడి వాటిల్లో నీళ్ళు నిండాయి. చాలాసేపు ఒక్కో గొయ్యే చూసుకుంటూ తిరిగాడు. నేను మిల్లు దగ్గర్నుంచి పరిగెత్తుకుంటూ వెళ్ళి అంతా చెప్పాను. కాలేజీ అని, ఏడాది అని, అడిగితే కాదనలేకపోయానని. ఆయన నన్ను తిట్టలేదు. చెయ్యి ఎత్తలేదు. ఒక్క మాట అడిగాడు."

"ఏమని?"

"ఇల్లు అడిగినవాడు ఇంకేం అడిగాడు, అని."

పొయ్యి మీద కుండ పొంగి నిప్పు మీద పడింది. అమ్మ దాని వంక చూడలేదు. పరువుగా బతికిన ముసలావిడ, నా కన్నతల్లి, నా మొహంలోకి చూడలేక నేల మీదున్న కొబ్బరాకుల వైపు చూస్తోంది.

"నువ్వేం చెప్పావమ్మా?"

"అప్పుడేం చెప్పలేదు. ఆ తర్వాత ముప్ఫై రెండేళ్ళు ఒకే చాప మీద పడుకున్నాం, అయినా చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు." అమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. ఆమె వేళ్ళు తడిగా, చల్లగా ఉన్నాయి. "కూర్చో. ఆయనకి చెప్పనిది నీకు చెప్తాను."